పాఠం 12: డిగ్రీలో నిర్వహణ శాస్త్రం – చదువు, ఉపాధి మార్గాలు

12.1 పరిచయం

పన్నెండో తరగతి పూర్తయ్యాక ఏం చదవాలనే ప్రశ్న మీకు ఇప్పటికే ఎదురై ఉంటుంది. అధ్యయన కేంద్రానికి వచ్చే అభ్యాసకులు తరచుగా అడిగే ప్రశ్న మరొకటి ఉంది. “బి.బి.ఎ. చదివితే మేనేజరు ఉద్యోగం వస్తుందా?” కొందరు ఆశతో అడుగుతారు. కొందరు అనుమానంతో అడుగుతారు. ఇద్దరికీ సరైన జవాబు అవసరమే.

డిగ్రీ చదువంటే కనీసం మూడేళ్ల కాలం. ఇంటి డబ్బు కొంత అందులో పెట్టాలి. మీరు ఇప్పటికే ఏదో ఒక పని చేస్తూ ఉంటే, ఆ పనికీ సంపాదనకూ కొంత నష్టం కూడా కలగవచ్చు. ఇల్లు, పిల్లలు, పెద్దవాళ్ల బాధ్యత ఉన్నవారికి ఈ నిర్ణయం ఇంకా బరువైనది. కాబట్టి చేరిన తరవాత కాక, చేరకముందే విషయం తెలుసుకోవాలి.

ఈ పాఠంలో ఉదాహరణలను చాలావరకు పుదుచ్చేరి పట్టణం నుంచి తీసుకొన్నాం. దానికి కారణం ఉంది. తెలుగు మాట్లాడే యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. అది వందల కిలోమీటర్ల దూరంలో, కాకినాడకు దగ్గరగా, గోదావరి ఒడ్డున ఉంది. అయినా ప్రభుత్వ కార్యాలయాల పనికీ, చదువుకూ యానాం వాసులు పుదుచ్చేరికి వెళ్తూ ఉంటారు. పట్టణంలోనూ తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. మీరు మరో ఊరివారైతే, మేము చెప్పే అంగడి స్థానంలో మీ ఊరి అంగడిని ఊహించుకోండి. సూత్రం మారదు.

12.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు

• నిర్వహణ అంటే ఏమిటో మీ సొంత అనుభవంతో వివరించగలుగుతారు;
• డిగ్రీలో నిర్వహణ శాస్త్రం కింద ఏయే విషయాలు బోధిస్తారో చెప్పగలుగుతారు;
• బి.బి.ఎ.కూ బి.కాం.కూ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు;
• ఈ చదువు తరవాత ఉన్న ఉపాధి మార్గాలను పోల్చి చూడగలుగుతారు;
• ఈ చదువు మీకు తగినదో కాదో నిర్ణయించుకోగలుగుతారు.

12.3 నిర్వహణ అంటే ఏమిటి?

నిర్వహణ అనగానే చల్లని గది, పెద్ద బల్ల, దాని వెనక కుర్చీ గుర్తుకు వస్తాయి. ఆ బొమ్మను కాసేపు పక్కన పెట్టండి. ఒక చిన్న టిఫిన్ అంగడిని తీసుకొందాం.

పుదుచ్చేరిలో గుబేర్ మార్కెట్‌కు దగ్గరలో ఒక మహిళ టిఫిన్ అంగడి నడుపుతోందనుకొందాం. రేపు ఎంతమంది వస్తారో ఈ రాత్రే అంచనా వేసి, అంత పిండి రుబ్బిస్తుంది. ఇది ప్రణాళిక. చట్నీ ఎవరు చేయాలి, గిన్నెలు ఎవరు కడగాలి, డబ్బు ఎవరు తీసుకోవాలి అన్నది ముందే పంచుతుంది. ఇది వ్యవస్థీకరణ. సాయానికి ఒక కుర్రవాణ్ణి పెట్టుకొంటుంది. ఇది సిబ్బంది నియామకం. అతనికి పని చూపించి, తప్పు చేస్తే సరిదిద్ది, బాగా చేస్తే మెచ్చుకొంటుంది. ఇది నిర్దేశకత్వం. రాత్రి గల్లాపెట్టె లెక్క చూసి, మిగిలిపోయిన పిండి ఎంతో గమనించి, మరునాటి అంచనా మార్చుకొంటుంది. ఇది నియంత్రణ.

ఈ అయిదు పనులూ కలిపి నిర్వహణ అంటారు. ఇతరుల చేత, ఇతరులతో కలిసి, ఉన్న వనరులతో అనుకొన్న పని పూర్తి చేయించడమే నిర్వహణ. పెద్ద ఆస్పత్రిలోనైనా, కర్మాగారంలోనైనా జరిగేది ఇదే. పరిమాణం మాత్రం వేరు.

ఇప్పుడు మీ సంగతి ఆలోచించండి. ఇంట్లో పెళ్లి పనులు చూశారా? స్వయంసహాయక సంఘం లెక్కలు రాశారా? తాపీ మేస్త్రీగా నలుగురిచేత పని చేయించారా? అయితే నిర్వహణ మీకు కొత్త కాదు. పేరు మాత్రమే కొత్త. పని చేసిన పెద్దవారికి ఈ చదువులో ఉన్న లాభం ఇదే. పాఠంలో ప్రతి మాటకూ వారి దగ్గర ఒక అనుభవం ఉంటుంది.

12.4 అనుభవం ఉంటే చదువెందుకు?

ఇది న్యాయమైన ప్రశ్న. ముందుగా చదువు లేకుండా నిర్వహణలో రాణించినవారిని చూద్దాం.

పద్దెనిమిదో శతాబ్దంలో పుదుచ్చేరిలో ఆనందరంగ పిళ్లై అనే వర్తకుడు ఉండేవాడు. ఆయన 1709లో పుట్టి 1761లో మరణించాడు. ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా పనిచేశాడు. దుబాసీ అంటే రెండు భాషలు తెలిసినవాడు. అయితే ఆయన పని మాటలు మార్చి చెప్పడం ఒక్కటే కాదు. ఫ్రెంచి కంపెనీకి కావలసిన బట్టల సరఫరా, వర్తకులతో ఒప్పందాలు, రాజులతో రాయబారాలు ఇవన్నీ ఆయన చేతుల మీదుగా జరిగేవి. 1736 నుంచి 1761 వరకు ఆయన తమిళంలో దినచర్య రాశాడు. ఓడల రాకపోకలు, బేరాలు, గవర్నరుతో జరిగిన సంభాషణలు అందులో ఉన్నాయి. తెలుగువారికి ఆయన మరో విధంగా కూడా తెలుసు. కస్తూరి రంగకవి తెలుగులో రాసిన ఆనందరంగరాట్ఛందము అనే ఛందోగ్రంథం ఆయనకే అంకితమైంది.

ఆనందరంగ పిళ్లై ఏ నిర్వహణ కళాశాలలోనూ చదవలేదు. ఆ కాలంలో అలాంటి కళాశాలలే లేవు. మన కాలానికి వద్దాం. పుదుచ్చేరి తోలు వస్తువులకు పేరు తెచ్చిన హైడిజైన్ సంస్థ 1978లో ఒక చిన్న కార్ఖానాగా మొదలైంది. దాని స్థాపకుడు దిలీప్ కపూర్ అమెరికాలో చదివింది అంతర్జాతీయ వ్యవహారాలు.

మరి చదువు ఎందుకు? దీనికి జవాబు చెప్పినవాడు హెన్రీ ఫాయోల్ అనే ఫ్రెంచి ఇంజనీరు. ఆయన గనుల సంస్థకు 1888 నుంచి 1918 వరకు అధిపతిగా ఉన్నాడు. 1916లో తన అనుభవాన్ని క్రోడీకరించి ప్రచురించాడు. నిర్వహణ కొందరికి పుట్టుకతో వచ్చే ప్రతిభ మాత్రమే కాదని, దానికి సూత్రాలు ఉన్నాయని, కాబట్టి దాన్ని బోధించవచ్చని ఆయన వాదించాడు. ప్రణాళిక, వ్యవస్థీకరణ, ఆజ్ఞాపన, సమన్వయం, నియంత్రణ అని ఆయన చేసిన విభజనే కొద్ది మార్పులతో నేటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది.

అనుభవం ఒక అంగడిలో, ఒక యజమాని దగ్గర నేర్పుతుంది. చదువు అనేక అంగళ్ల అనుభవాన్ని ఒకచోట చేర్చి, దానికి పేర్లు పెట్టి, లెక్క నేర్పుతుంది. ఒకటి లేకుండా రెండోది సగమే.

పాఠగత ప్రశ్నలు – 1

ఖాళీలు పూరించండి.
1. మరునాటికి ఎంత సరుకు కావాలో ముందుగా అంచనా వేయడాన్ని ________ అంటారు.
2. రాత్రి లెక్క చూసి, తేడా సరిదిద్దుకోవడాన్ని ________ అంటారు.
3. నిర్వహణను బోధించవచ్చని వాదించిన ఫ్రెంచి ఇంజనీరు ________.

12.5 డిగ్రీలో ఏం చదువుతారు?

నిర్వహణ శాస్త్రం ప్రధాన విషయంగా ఉండే డిగ్రీని ఎక్కువచోట్ల బి.బి.ఎ. అంటారు. కొన్ని విశ్వవిద్యాలయాల్లో బి.బి.ఎం., బి.ఎం.ఎస్. అనే పేర్లూ ఉన్నాయి. పేరు ఏదైనా ముఖ్యమైన విభాగాలు ఇవి.

(అ) లెక్కలు, విత్త నిర్వహణ

డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, ఎక్కడికి పోతుంది, ఎంత మిగులుతుంది అన్నది ఈ విభాగం చెబుతుంది. మన టిఫిన్ అంగడినే మళ్లీ తీసుకొందాం. ఈ అంకెలు ఉదాహరణ కోసం అనుకొన్నవి.

రోజుకు అద్దె 300 రూపాయలు, సహాయకుడి కూలి 600, కరెంటు, నీళ్లకు 60. మొత్తం 960 రూపాయలు. ఒక్క ప్లేటు అమ్మకపోయినా ఈ ఖర్చు తప్పదు. దీన్ని స్థిర వ్యయం అంటారు. ఒక్కో ప్లేటుకు సరుకులు, గ్యాసు కలిపి 18 రూపాయలు అవుతుంది. ప్లేటు ధర 30 రూపాయలు. అంటే ప్లేటుకు 12 రూపాయల మిగులు. 960ని 12తో భాగిస్తే 80 వస్తుంది. రోజుకు 80 ప్లేట్లు అమ్మేదాకా లాభమూ లేదు, నష్టమూ లేదు. దీన్ని లాభనష్టరహిత బిందువు అంటారు. తరగతిలో దీన్నే బ్రేక్ ఈవెన్ పాయింట్ అని చెబుతారు. 100 ప్లేట్లు అమ్మితే, 80 పైన ఉన్న 20 ప్లేట్ల మిగులు, అంటే 240 రూపాయలు లాభం.

పక్కన మరో అంగడి వచ్చిందని ధర 26 రూపాయలకు తగ్గించారనుకొందాం. మిగులు 8 రూపాయలకు పడిపోయింది. ఇప్పుడు 120 ప్లేట్లు అమ్మితేగాని నష్టం ఆగదు. పాత 240 రూపాయల లాభం రావాలంటే 150 ప్లేట్లు అమ్మాలి. ధర తగ్గించింది నాలుగు రూపాయలే. కావలసిన గిరాకీ మాత్రం 100 నుంచి 150కి పెరిగింది. చాలా చిన్న వ్యాపారాలు ఈ లెక్క వేసుకోకుండానే ధర తగ్గించి, కారణం తెలియకుండానే మూతపడతాయి. ఇంకొక సంగతి గమనించండి. ఈ లెక్కలో యజమానురాలి సొంత కూలి లేదు. రోజంతా పనిచేసిన ఆమెకు మిగిలేది ఆ 240 రూపాయలే.

(ఆ) మార్కెటింగ్

కొనేవారు ఎవరు, వారికి ఏం కావాలి, ఎంత ధర పెట్టాలి, వారికి ఎలా తెలియజేయాలి అన్నవి ఇందులో ఉంటాయి. పుదుచ్చేరి సముద్రతీరంలో పర్యాటకులకు అమ్మే కొట్టూ, లాస్‌పేటలో కాపురం ఉండేవారికి అమ్మే కొట్టూ ఒకే విధంగా నడవవు. పర్యాటకుడు మళ్లీ వస్తాడో రాడో తెలియదు. వీధిలోని గృహిణి రోజూ వస్తుంది. ఒక్కసారి తూకం తప్పితే మళ్లీ రాదు.

(ఇ) మానవ వనరుల నిర్వహణ

ఉద్యోగుల ఎంపిక, శిక్షణ, వేతనాలు, కార్మిక చట్టాలు, వివాదాల పరిష్కారం ఇందులోకి వస్తాయి. ఇది కాగితాల పని మాత్రమే అనుకొంటే పొరపాటు. పుదుచ్చేరి చరిత్రే దీనికి సాక్ష్యం.

ఈ పట్టణం ఒకప్పుడు బట్టల మిల్లులకు పేరు పొందింది. 1936 జూలై 30న సమ్మెలో ఉన్న మిల్లు కార్మికులపై ఫ్రెంచి పాలకుల బలగాలు కాల్పులు జరపగా 12 మంది చనిపోయారు. వి. సుబ్బయ్య నాయకత్వంలో సాగిన ఆ పోరాటం తరవాత, 1937లో ఇక్కడి కార్మికులకు రోజుకు ఎనిమిది గంటల పని చట్టబద్ధమైంది. మన కాలంలో యానాంలో జరిగిన సంఘటన ఇంకా దగ్గరిది. 2012 జనవరిలో అక్కడి రీజెన్సీ సెరామిక్స్ కర్మాగారంలో కార్మిక వివాదం హింసగా మారింది. ఒక కార్మిక నాయకుడు, సంస్థ ఉన్నతాధికారి ఒకరు ప్రాణాలు కోల్పోయారు. కర్మాగారం ఏళ్ల తరబడి మూతపడింది. వందల కుటుంబాల జీవనాధారం పోయింది.

మనుషులతో మాట్లాడే మార్గాలు మూసుకుపోతే ఏమవుతుందో ఈ రెండు సంఘటనలూ చెబుతాయి. ఫిర్యాదు వినే పద్ధతి, చర్చకు కూర్చొనే సమయం, ఒప్పందాన్ని అమలు చేసే నిజాయితీ ఈ విభాగంలో నేర్చుకోవలసిన అసలు పాఠాలు.

(ఈ) ఉత్పత్తి, కార్యకలాపాల నిర్వహణ

సరుకు నిల్వ, నాణ్యత, రవాణా, యంత్రాల వినియోగం ఇందులోని అంశాలు. పాలు పాడవకముందే ఇంటింటికీ చేర్చడం పాల సహకార సంఘానికి రోజూ ఉండే పరీక్ష. పుదుచ్చేరిలో పాన్‌లేట్ చేసే పని ఇలాంటిదే.

(ఉ) తోడు విషయాలు

అర్థశాస్త్రం, వ్యాపార చట్టాలు, గణాంక శాస్త్రం, కంప్యూటర్ వినియోగం, వ్యాపార లేఖలు రాయడం కూడా ఉంటాయి. చాలా కళాశాలల్లో ఏదైనా సంస్థలో కొన్ని వారాలు పనిచేసి నివేదిక రాయాలి. దీన్ని ఇంటర్న్‌షిప్ అంటారు. దీన్ని తేలికగా తీసుకోకండి. మొదటి ఉద్యోగం చాలామందికి ఈ పరిచయాల ద్వారానే దొరుకుతుంది.

పాఠగత ప్రశ్నలు – 2

1. పైన చెప్పిన టిఫిన్ అంగడి అద్దె రోజుకు 120 రూపాయలు పెరిగింది. ప్లేటు ధర 30 రూపాయలే. లాభనష్టరహిత బిందువు ఎన్ని ప్లేట్లు?
2. ఉద్యోగుల ఫిర్యాదులను పరిష్కరించడం ఏ విభాగంలోకి వస్తుంది?

12.6 బి.బి.ఎ., బి.కాం., ఎం.బి.ఎ. – తేడా ఏమిటి?

మన దేశంలో నిర్వహణ విద్య మొదట డిగ్రీ స్థాయిలో కాక, డిగ్రీ తరవాతి స్థాయిలో బలపడింది. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1957లోనే ఎం.బి.ఎ. ప్రారంభించింది. 1961లో కలకత్తాలోనూ అహ్మదాబాదులోనూ భారతీయ నిర్వహణ సంస్థలు, అంటే ఐ.ఐ.ఎం.లు ఏర్పడ్డాయి. విశాఖపట్నంలో ఐ.ఐ.ఎం. 2015లో మొదలైంది. డిగ్రీ స్థాయి చదువు ఊరూరా విస్తరించింది చాలా తరవాతే. అందుకే జనం నోట మేనేజ్‌మెంట్ అంటే ఎం.బి.ఎ. అనే మాట నిలిచిపోయింది.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. ఎం.బి.ఎ. చదవడానికి బి.బి.ఎ. తప్పనిసరి కాదు. ఐ.ఐ.ఎం.ల ప్రవేశ పరీక్ష క్యాట్ రాయడానికి ఏ విషయంలోనైనా 50 శాతం మార్కులతో డిగ్రీ చాలు. షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగలు, దివ్యాంగులకు 45 శాతం చాలు. చరిత్ర చదివినవారూ, భౌతికశాస్త్రం చదివినవారూ ఎం.బి.ఎ. చేయవచ్చు. “ఎం.బి.ఎ. కోసమే బి.బి.ఎ.లో చేరాలి” అని ఎవరైనా చెబితే అది సరికాదని గ్రహించండి.

బి.కాం.లో ఖాతాలు, పన్నులు, ఆడిటింగు లోతుగా ఉంటాయి. ఛార్టర్డ్ అకౌంటెంట్, కాస్ట్ అకౌంటెంట్ వంటి వృత్తుల వైపు వెళ్లాలనుకొనేవారికి అది దగ్గరి దారి. బి.బి.ఎ.లో ఖాతాల లోతు తక్కువ, విభాగాల విస్తృతి ఎక్కువ. మనుషులతో, అమ్మకాలతో, రోజువారీ నడకతో పని ఇష్టమైతే బి.బి.ఎ. తగినది. అంకెలతో ఒంటరిగా కూర్చొని పనిచేయడం ఇష్టమైతే బి.కాం. మేలు.

12.7 అర్హత, ప్రవేశం

బి.బి.ఎ.లో చేరడానికి పన్నెండో తరగతి లేదా ఇంటర్మీడియట్ పూర్తిచేసి ఉండాలి. సార్వత్రిక విద్యాలయం ద్వారా పన్నెండో తరగతి పూర్తిచేసినవారూ అర్హులే. జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ 1989లో ఏర్పడింది. ఇందులో చేరడానికి గరిష్ఠ వయసు పరిమితి లేదు. ఒకసారి నమోదైతే అయిదేళ్ల కాలంలో తొమ్మిదిసార్ల వరకు పరీక్షలు రాసుకోవచ్చు. సీనియర్ సెకండరీలో వ్యాపార అధ్యయనాలు, ఖాతాల శాస్త్రం, అర్థశాస్త్రం తీసుకొంటే డిగ్రీలో మీ పని సులువవుతుంది.

పుదుచ్చేరిలో 1985లో ఏర్పడిన కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. దాని ఆవరణ కాలాపేట్‌లో సముద్రం పక్కన ఉంది. అక్కడ నిర్వహణ శాస్త్రంలో పైచదువులు ఉన్నాయి. దానికి అనుబంధంగా ఉన్న కళాశాలల్లో కొన్ని బి.బి.ఎ. నడుపుతాయి. ఈ ప్రాంతంలోని ప్రభుత్వ కళాశాలల సీట్లు సెంటాక్ అనే కేంద్రీకృత ప్రవేశ సంఘం ద్వారా భర్తీ అవుతాయి. దరఖాస్తు తేదీలు దాటిపోతే ఏడాది వృథా అవుతుంది. కాబట్టి ఫలితాలు రాకముందే వివరాలు కనుక్కోండి.

చేరకముందు మూడు విషయాలు సరిచూసుకోండి.

1. కళాశాల ఏ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉంది? పట్టా ఇచ్చేది ఆ విశ్వవిద్యాలయమే.
2. 2024–25 విద్యాసంవత్సరం నుంచి బి.బి.ఎ. కోర్సులు అఖిల భారత సాంకేతిక విద్యామండలి పరిధిలోకి వచ్చాయి. ఆ మండలి ఆమోదం ఉందా?
3. దూరవిద్య ద్వారా చదవాలనుకొంటే, ఆ సంస్థకూ ఆ కోర్సుకూ ఆ సంవత్సరానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం అనుమతి ఉందా?

కరపత్రంలో ఉన్న మాటలను నమ్మి డబ్బు కట్టకండి. పూర్తి మూడేళ్ల రుసుము, పరీక్ష రుసుము, హాస్టలు ఖర్చు రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. 2020 నాటి జాతీయ విద్యా విధానం నాలుగేళ్ల డిగ్రీకి కూడా వీలు కల్పించింది. మూడేళ్లకు పట్టా తీసుకొని బయటికి రావచ్చా అన్నది కూడా అడగండి.

భాష గురించి ఒక మాట. ఈ కోర్సు ఎక్కువచోట్ల ఇంగ్లీషులోనే బోధిస్తారు. తెలుగులో చదివిన మీకు మొదటి ఆరునెలలు కష్టం అనిపించవచ్చు. ఒక నోటుపుస్తకంలో మూడు గడులు గీయండి. మొదటి గడిలో తరగతిలో విన్న ఇంగ్లీషు మాట, రెండో గడిలో దాని అర్థం తెలుగులో, మూడో గడిలో మీ అనుభవంలోని ఒక ఉదాహరణ రాయండి. రోజుకు అయిదు మాటలు చాలు. పుదుచ్చేరిలో పనిచేయాలంటే తమిళం మాట్లాడటం కూడా నేర్చుకోండి. అంగడిలో, కర్మాగారంలో పని జరిగేది ఆ భాషలోనే.

12.8 ఉపాధి మార్గాలు

పాఠం మొదట్లో వచ్చిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పుకొందాం. బి.బి.ఎ. పట్టా రాగానే ఎవరూ మేనేజరు కుర్చీలో కూర్చోబెట్టరు. మొదటి ఉద్యోగం సాధారణంగా కింది మెట్టుమీద ఉంటుంది. జీతం కూడా అలాగే ఉంటుంది. పైమెట్టుకు వెళ్లడానికి పట్టా సాయపడుతుంది. ఎక్కవలసింది మాత్రం మీరే. ముఖ్యమైన దారులు అయిదు.

మొదటిది, అమ్మకాలు, చిల్లర వ్యాపారం. పెద్ద దుకాణాల్లో సూపర్‌వైజరు, కంపెనీల్లో సేల్స్ ఉద్యోగం, బీమా వంటివి. అవకాశాలు ఎక్కువ. నెలనెలా లక్ష్యం చేరాలనే ఒత్తిడి కూడా ఎక్కువ.

రెండోది, పర్యాటకం, ఆతిథ్యం. పుదుచ్చేరి ఫ్రెంచి వీధులు, సముద్రతీరం, అరవిందాశ్రమం, 1968లో మొదలైన ఆరోవిల్ చూడటానికి ఏడాది పొడవునా జనం వస్తారు. హోటళ్లలో, అతిథి గృహాల్లో బుకింగులు, సిబ్బంది, సరుకుల కొనుగోలు చూసేవారు కావాలి. శని, ఆదివారాల్లోనే పని ఎక్కువ ఉంటుందని గుర్తుంచుకోండి.

మూడోది, కర్మాగారాలు, ఆస్పత్రులు, సహకార సంఘాలు. మేట్టుపాళయం, తట్టాంచావడి, సేదరాపట్టు వంటి పారిశ్రామిక ప్రాంతాల్లో స్టోర్సు, సిబ్బంది విభాగం, రవాణా పనులు ఉంటాయి. ఒక హెచ్చరిక. ఏ సంస్థా శాశ్వతం కాదు. 1898లో మొదలై, ఈ పట్టణంలో తరాలపాటు అన్నం పెట్టిన ఆంగ్లో ఫ్రెంచ్ మిల్లు కూడా 2020లో అధికారికంగా మూతపడింది. ఒకే సంస్థను నమ్ముకోకుండా, ఎక్కడికైనా తీసుకువెళ్లగల పనిని చేతిలో పెట్టుకోవాలి.

నాలుగోది, బ్యాంకు, ప్రభుత్వ ఉద్యోగాలు. బ్యాంకు క్లర్కు, ఆఫీసరు పరీక్షలకూ, సివిల్ సర్వీసెస్‌కూ ఏ డిగ్రీ అయినా చాలు. బి.బి.ఎ.కి ప్రత్యేక లాభం లేదు, నష్టమూ లేదు. అయితే వయసు పరిమితి ఉంటుంది. చదువు ఆలస్యంగా మొదలుపెట్టినవారు డిగ్రీ పూర్తయ్యేనాటికి తమ వయసు ఎంతో ఇప్పుడే లెక్క వేసుకోవాలి.

అయిదోది, సొంత వ్యాపారం. ఇప్పటికే చిన్న కొట్టు, కుట్టుపని, చేపల వ్యాపారం ఉన్నవారికి ఈ చదువు నేరుగా పనికి వస్తుంది. 2015లో ప్రారంభమైన ముద్రా పథకం కింద చిన్న వ్యాపారాలకు పూచీకత్తు లేకుండా బ్యాంకు రుణం లభిస్తుంది. రుణం అడిగేటప్పుడు బ్యాంకువారు ఆదాయం, ఖర్చు, తిరిగి చెల్లించే శక్తి అడుగుతారు. 12.5లో మనం వేసిన లెక్కే అక్కడ చూపించాలి.

12.9 మీరు ఎలా నిర్ణయించుకోవాలి?

ఒక కాగితం తీసుకొని ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు రాయండి. మనసులో అనుకోవడం చాలదు, రాయాలి.

1. డిగ్రీ అయిన వెంటనే నేను చేయాలనుకొనే పని ఏది? “ఏదో ఒక ఉద్యోగం” అని రాయకండి. పైన చెప్పిన అయిదు దారుల్లో ఒకటి ఎన్నుకోండి.
2. ఆ పని ఇప్పుడు చేస్తున్న ఒకరితో మాట్లాడానా? పని గంటలు, మొదటి జీతం, కష్టం అడిగి తెలుసుకొన్నానా?
3. మూడేళ్ల మొత్తం ఖర్చు ఎంత? ఆ కాలంలో పోగొట్టుకొనే సంపాదన ఎంత? పనిచేసుకొంటూ దూరవిద్యలో చదివితే ఈ రెండో ఖర్చు తగ్గుతుందా?
4. ఇంతవరకు నేను చేసిన పనుల్లో ఈ చదువుకు పనికివచ్చే అనుభవం ఏది?

మొదటి ప్రశ్నకు జవాబు రాయలేకపోతే తొందరపడకండి. వ్యాపార అధ్యయనాలు ఒక విషయంగా తీసుకొని పన్నెండో తరగతి చదవండి. ఆ పుస్తకం మీకు ఆసక్తి కలిగిస్తే ముందుకు వెళ్లండి. విసుగు పుట్టిస్తే, మూడేళ్లు పోకుండానే సంగతి తెలిసినట్లే. నాలుగో ప్రశ్నకు జవాబు పెద్దదిగా ఉంటే మాత్రం, వయసు మీరిందని వెనకాడకండి. తరగతిలో పద్దెనిమిదేళ్ల పిల్లలు ఊహించి తెలుసుకొనే విషయాలు మీకు చేసి తెలుసు.

12.10 మీరు ఏం నేర్చుకొన్నారు?

• ఇతరులతో కలిసి, ఉన్న వనరులతో అనుకొన్న పని పూర్తి చేయించడమే నిర్వహణ.
• ప్రణాళిక, వ్యవస్థీకరణ, సిబ్బంది నియామకం, నిర్దేశకత్వం, నియంత్రణ దాని ప్రధాన విధులు.
• అనుభవం, చదువు రెండూ కలిసినప్పుడే నిర్వహణ పూర్తిగా వస్తుంది.
• ఎం.బి.ఎ. చేయడానికి బి.బి.ఎ. తప్పనిసరి కాదు. పని లక్ష్యం స్పష్టంగా ఉన్నవారికి బి.బి.ఎ. మేలు చేస్తుంది.
• చేరకముందు అనుబంధం, ఆమోదం, మొత్తం ఖర్చు సరిచూసుకోవాలి.
• పట్టా తలుపు తెరుస్తుంది. మొదటి మెట్టు కింది నుంచే మొదలవుతుంది.

12.11 పాఠాంత ప్రశ్నలు

1. మీకు తెలిసిన ఒక చిన్న వ్యాపారాన్ని తీసుకొని, అందులో నిర్వహణ విధులు అయిదింటినీ గుర్తించి రాయండి.
2. అదే వ్యాపారానికి స్థిర వ్యయం, ఒక్కో వస్తువుపై మిగులు కనుక్కొని, లాభనష్టరహిత బిందువు లెక్కకట్టండి. యజమాని సొంత కూలిని కూడా చేర్చి మళ్లీ లెక్క వేయండి. తేడా ఎంత?
3. బి.బి.ఎ., బి.కాం. మధ్య తేడాలు వివరించండి. మీరైతే ఏది ఎన్నుకొంటారు? ఎందుకు?
4. కార్మికులకూ యాజమాన్యానికీ మధ్య వివాదం ముదరకుండా తీసుకోవలసిన చర్యలు మూడు సూచించండి.

12.12 పాఠగత ప్రశ్నలకు జవాబులు

పాఠగత ప్రశ్నలు – 1: 1. ప్రణాళిక 2. నియంత్రణ 3. హెన్రీ ఫాయోల్

పాఠగత ప్రశ్నలు – 2: 1. స్థిర వ్యయం 960 + 120 = 1,080 రూపాయలు. ప్లేటుకు మిగులు 12 రూపాయలు. 1,080 ÷ 12 = 90 ప్లేట్లు. 2. మానవ వనరుల నిర్వహణ